కుర్చీ నుంచి బండి సీటు దాకా: మెడ, నడుము నొప్పి పుట్టకుండా అన్నీ అమర్చుకునే పద్ధతి

ఏ కుర్చీ కొనాలి, నడుముకి ఏ దిండు మంచిది అని అడిగేవాళ్లు చాలామంది. నిజానికి కుర్చీ కొనడం ఈ పనిలో దాదాపు చివరి మెట్టు. ముందు మీ ఒంటి కొలతలు తీసుకోవాలి, తర్వాత కూర్చునే ఎత్తు ఖాయం చేసుకోవాలి, ఆ ఎత్తుని బట్టి పాదాలు, చేతులు, కళ్లు ఒక్కొక్కటిగా వాటి చోటికి వస్తాయి. ఈ వరుస తప్పితే ఎంత ఖరీదైన కుర్చీ కొన్నా నొప్పి అలాగే ఉంటుంది, వరుస పాటిస్తే ఇంట్లో ఉన్న పీట, బొంత, రెండు లావు పుస్తకాలతోనే సగం పైగా పని అయిపోతుంది.

ఇంటి దగ్గర ల్యాప్‌టాప్ పని, బండి మీద రాకపోకలు, వంటిల్లు, బరువులెత్తడం ఇవన్నీ ఒకే నడుము మీద పడతాయి కాబట్టి అన్నీ ఇక్కడే చెబుతున్నాను. కుర్చీకీ బండికీ ఎక్కువ చోటిచ్చాను, ఎందుకంటే చాలామందికి రోజులో ఎక్కువ గంటలు పోయేది వాటి మీదే.

1. ముందు టేపు తీయండి

కావలసినవి: దర్జీ టేపు, గట్టి స్టూలు, కొలవడానికి ఇంకో మనిషి, కాగితం. మీ కొలతలు మీరే పట్టుకోవాలని చూస్తే వంగిపోతారు, కొలత తప్పుతుంది.

పాదాలు నేలకి పూర్తిగా ఆని, తొడలు నేలకి సమాంతరంగా ఉండేలా స్టూలు మీద కూర్చోండి. స్టూలు మరీ ఎత్తుగా ఉంటే పాదాల కింద పుస్తకాలు పెట్టుకుని, పాదం అడుగు నుంచి కొలవండి.

- కాలి కొలత: పాదం అడుగు నుంచి మోకాలి వెనుక గుంట దాకా.
- మోచేయి కొలత: భుజాలు వదిలేసి, చెయ్యి పక్కకి ఆనించి మోచేయి మడిచి, స్టూలు పలక నుంచి మోచేయి అడుగు దాకా.
- తొడ కొలత: వీపు గోడకి ఆనించి, గోడ నుంచి మోకాలి వెనుక గుంట దాకా.
- కంటి కొలత: స్టూలు పలక నుంచి కంటి దాకా, మామూలుగా కూర్చుని. ఊపిరి బిగబట్టి నిటారుగా కూర్చుంటే ఆ కొలత పనికిరాదు, అలా మీరు రోజంతా కూర్చోరు.

ఇంట్లో చెప్పులతో తిరిగే అలవాటుంటే చెప్పులతోనే కొలవండి.

ఇప్పుడు సామాను. టేబుల్ పైభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో, కుర్చీ సీటు ఎంత ఎత్తుందో రాసుకోండి. సీటుకి కుషన్ ఉంటే మీరు కూర్చున్నాక అది దిగిపోయిన ఎత్తే లెక్క.

ఒక లెక్క చేసి చూద్దాం. 5 అడుగుల 2 అంగుళాల ఎత్తున్న ఒకావిడకి కాలి కొలత 39 సెం.మీ., మోచేయి కొలత 22 సెం.మీ. అనుకోండి. రెండూ కలిపితే 61. అంటే కీబోర్డు మీటలు నేల నుంచి 61 సెం.మీ. ఎత్తులో ఉంటే ఆవిడ పాదాలు నేల మీద, చేతులు హాయిగా ఉంటాయి. కానీ మన ఇళ్లల్లో డైనింగ్ టేబుల్ దాదాపు 75 సెం.మీ. ఉంటుంది, దాని మీద కీబోర్డు మందం 2 కలిపితే 77. ఆవిడ 43 సెం.మీ. ఎత్తున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే మోచేయి 65 దగ్గర ఉంటుంది, మీటలు 12 సెం.మీ. పైన ఉంటాయి. ఆ తేడాని రోజంతా భుజాలు పైకెత్తి పూడుస్తున్నారన్నమాట. సాయంత్రానికి మెడ పక్కన కండ పట్టేయడానికి చాలాసార్లు కారణం ఇదే, తలగడ మారిస్తే తగ్గేది కాదు.

2. కూర్చునే ఎత్తు, పాదాల ఆధారం

టేబుల్ ఎత్తు మార్చే వీలుందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. మార్గాలు రెండే.

మొదటిది, టేబుల్‌ని మీ ఎత్తుకి దించడం. పాత చెక్క టేబుల్ ఉంటే వడ్రంగిని పిలిచి కాళ్లు కోయించేయండి, నా ఉద్దేశంలో ఇంతకంటే చవకైన, మంచి మార్పు ఇంకోటి లేదు. పై లెక్కలో ఆవిడకి 59 సెం.మీ. టేబుల్ సరిపోతుంది. కోయించే ముందు టేబుల్ కింద అడ్డపట్టీ ఎంత మందం ఉందో చూసుకోండి, తొడలకీ దానికీ మధ్య అరచేయి దూరేంత సందు మిగలాలి.

రెండోది, టేబుల్ కదలకపోతే మీరు పైకి లేవడం. అదే ఆవిడ సీటు 43 నుంచి 55 సెం.మీ. దాకా లేపాలి, అప్పుడు పాదాలు గాల్లో ఉంటాయి కాబట్టి కింద 16 సెం.మీ. ఎత్తు పీట పెట్టాలి. ఈ పీట సంగతే అందరూ మర్చిపోతారు. సీటు లేపి పీట పెట్టకపోతే తొడల కింద సీటు అంచు నొక్కుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, మెల్లగా ముందుకి జారి నడుము గూని పడుతుంది.

పీట రెండు పాదాలూ పూర్తిగా ఆనేంత వెడల్పుండాలి, జారకూడదు. కింద రబ్బరు చాప ముక్క వేస్తే చాలు. కుర్చీ కాళ్లకున్న అడ్డకడ్డీ మీద మడమలు పెట్టుకోవడం పీటకి ప్రత్యామ్నాయం కాదు, మోకాళ్లు మరీ ముడుచుకుపోతాయి.

ప్లాస్టిక్ కుర్చీ మీద 12 సెం.మీ. మెత్త వేయడం మాత్రం వద్దు. కుర్చీ ఊగుతుంది, వీపు పలక ఆ మేరకు కిందికి పోయినట్టవుతుంది. 4, 5 సెం.మీ. దాకా గట్టిగా మడిచిన బొంత పర్వాలేదు. అంతకంటే ఎక్కువ కావాలంటే ఎత్తు మారే కుర్చీకి డబ్బు పెట్టే సమయం వచ్చినట్టే, షాపులో మొట్టమొదట అడగాల్సింది సీటు ఎంత ఎత్తు దాకా లేస్తుంది, ఎంత కిందికి దిగుతుంది అని. మీ అంకె కాగితం మీద ఉంది కదా, దాంతో సరిచూసుకోండి.

3. సీటు లోతు, నడుము ఆధారం

పిరుదులు సీటు వెనక్కి పూర్తిగా ఆనించి కూర్చున్నాక, సీటు ముందు అంచుకీ మోకాలి వెనుక గుంటకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. పట్టకపోతే ఆ సీటు మీకు లోతెక్కువ. పెద్ద పెద్ద బాస్ కుర్చీలు పొట్టివాళ్లకి సరిపడకపోవడానికి ఇదే కారణం, చూడ్డానికి బాగుంటాయి కానీ వీపు పలక దాకా వెళితే మోకాళ్లు మడవవు, మోకాళ్లు మడిస్తే వీపు ఆనదు. సీటు మరీ లోతుగా ఉంటే వెనకాల గట్టి దిండు నిలువుగా పెట్టి లోతు తగ్గించండి.

నడుముకి: స్నానాల తువ్వాలు ఒకటి చుట్ట చుట్టి, ఊడిపోకుండా రెండు రబ్బరు బ్యాండ్లు వేసి, బెల్టు పెట్టుకునే చోట, లేదా కాస్త పైన, వీపుకీ కుర్చీకీ మధ్య పెట్టండి. చుట్ట లావు మీ నడుము వంపుని నింపాలి, అంతే, పొట్టని ముందుకి తోయకూడదు. పావుగంటలో ఇబ్బందిగా ఉంటే ఒక మడత తగ్గించండి. బజారులో దొరికే నడుము దిండ్లలో చాలావాటికి మందం ఎక్కువ, అందుకే ముందు తువ్వాలుతో మీ మందం తేల్చుకుని తర్వాత కొనండి.

వీపు పలక సరిగ్గా 90 డిగ్రీల్లో బిగించి కూర్చోవాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. 100 నుంచి 110 డిగ్రీల దాకా కాస్త వెనక్కి వాలితే వెన్ను మీద భారం తగ్గుతుంది.

చేతి ఆసరాలు టేబుల్‌కి తగిలి కుర్చీ లోపలికి పోనివ్వకపోతే వాటిని దించండి, లేదా విప్పేయండి. కుర్చీ దూరంగా ఆగితే మీరు ముందుకి వంగుతారు, నడుముకి పెట్టిన తువ్వాలు వృథా.

4. కీబోర్డు, మౌస్

ల్యాప్‌టాప్ మీదే రోజంతా పని చేయాల్సినవాళ్లకి విడి కీబోర్డు, విడి మౌస్ తప్పనిసరి. తెర, మీటలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నంతకాలం ఒకటి సరైన చోట ఉంటే రెండోది తప్పు చోట ఉంటుంది. కుర్చీకి డబ్బు పెట్టే ముందు వీటికి పెట్టండి.

- మీటలు మోచేయి ఎత్తులో గానీ వేలెడు కిందగానీ ఉండాలి.
- కీబోర్డు వెనక ఉండే చిన్న కాళ్లు మూసేయండి. అవి తెరిస్తే మణికట్టు పైకి విరుగుతుంది.
- కీబోర్డు మధ్య భాగం, అంటే జి, హెచ్ మీటలు, మీ బొడ్డుకి ఎదురుగా ఉండాలి.
- మౌస్ కీబోర్డు పక్కనే, అదే ఎత్తులో. చెయ్యి చాచి అందుకోవాల్సి వస్తే భుజం లాగేస్తుంది.
- మణికట్టు టేబుల్ అంచు మీద ఆనించి టైప్ చేయొద్దు. ఆగినప్పుడు అరచేయి మడమ ఆనిస్తే చాలు.

కుడివైపు అంకెల మీటలుండే పెద్ద కీబోర్డు మౌస్‌ని దూరం తోసేస్తుంది. లెక్కల పని లేనివాళ్లు చిన్న కీబోర్డు తీసుకుంటే భుజానికి సుఖం. ఫోన్ మెడకీ చెవికీ మధ్య ఇరికించి టైప్ చేసే అలవాటు ఉంటే ఈ రోజే మానండి, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి.

5. తెర, వెలుతురు

మనిషి తల బరువు దాదాపు 5 కిలోలు. తల ముందుకి వంగేకొద్దీ ఆ బరువుని ఆపడానికి మెడ వెనక కండలు మరింత బిగుసుకోవాలి. తెర ఎత్తు గురించి ఇంత పట్టుబట్టేది అందుకే.

తెర పై అంచు కంటి ఎత్తులో, లేదా కాస్త కింద ఉండాలి. దూరం చెయ్యి చాచినంత, సుమారు 50 నుంచి 75 సెం.మీ. ల్యాప్‌టాప్ అయితే చాలామందికి 15 నుంచి 25 సెం.మీ. లేపాల్సి వస్తుంది, లావు పుస్తకాలు, అట్టపెట్టె, ఏదైనా సరే, కదలకుండా ఉంటే చాలు. మీ కంటి కొలతకి సీటు ఎత్తు కలిపితే కన్ను నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది, అందులోంచి టేబుల్ ఎత్తు తీసేస్తే తెర పై అంచు టేబుల్ మీద ఎంత పైకి రావాలో వస్తుంది.

బైఫోకల్, ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకి ఈ లెక్క మారుతుంది. వాళ్లు అద్దం కింది భాగంలోంచి చూస్తారు కాబట్టి తెర ఎత్తుగా ఉంటే గడ్డం పైకెత్తి చూస్తారు, మెడ వెనక నలుగుతుంది. తెర ఇంకా కిందికి దించి కాస్త వెనక్కి వాల్చండి. రోజంతా కంప్యూటరే అయితే ఆ దూరానికి విడిగా ఒక జత అద్దాలు రాయమని కంటి డాక్టర్‌ని అడగండి.

కిటికీ మీకు పక్కన ఉండాలి. ఎదురుగా ఉంటే కళ్లు చికిలిస్తారు, వెనక ఉంటే తెర మీద వెలుగు పడి అక్షరాలు కనపడక మెడ ముందుకి చాస్తారు. వెనక గోడకున్న ట్యూబ్‌లైట్ కూడా ఇదే పని చేస్తుంది, తెర ఆపేసి చూడండి, నల్లటి తెరలో లైటు ప్రతిబింబం కనిపిస్తే తెర కోణం మార్చండి. టేబుల్ ఫ్యాన్, ఏసీ గాలి నేరుగా కళ్ల మీద పడితే కళ్లు ఎండి మంట పుడతాయి, చాలామంది దాన్ని తెర వల్ల అనుకుంటారు.

కళ్లకి 20-20-20 పద్ధతి బాగా పనికొస్తుంది: 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడటం. బాల్కనీలోంచి ఎదురింటి నీళ్ల ట్యాంకు చూసినా చాలు.

6. నేల మీద, మంచం మీద పనిచేసేవాళ్లకి

గదిలో టేబుల్‌కి చోటు లేనివాళ్లు, హాస్టళ్లలో పిల్లలు చాలామంది నేల మీదే కూర్చుంటారు. నేల మీద కూర్చోవడం తప్పేం కాదు, గంటల తరబడి ఒకే బాసింపట్టు వేయడంతోనే ఇబ్బంది.

మడిచిన బొంత మీద కూర్చోండి, తుంటి మోకాళ్ల కంటే పైకి రావాలి, అప్పుడే నడుము నిలబడుతుంది. వీపు గోడకి, నడుము దగ్గర తువ్వాలు చుట్ట. ముందు చిన్న మడత బల్ల. అరగంటకోసారి కాళ్లు మార్చండి, చాపండి. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి ఈ పద్ధతి సరిపడదు.

మంచం మీద వాలి ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేయడం మాత్రం ఎలా సర్దినా కుదరదు. పది నిమిషాల మెయిళ్లకి సరే, ఉద్యోగానికి వద్దు.

7. లేవడం

అన్నీ సరిగ్గా అమర్చుకున్నా కదలకుండా కూర్చుంటే నొప్పి వస్తుంది. 30, 40 నిమిషాలకోసారి లేచి ఒకటి రెండు నిమిషాలు నడవండి. అలారం పెట్టుకుంటే వారం తర్వాత ఆపేస్తారు, అందుకని అలవాటుకి ముడిపెట్టండి: ఫోన్ వస్తే నిలబడి మాట్లాడటం, పెద్ద సీసా బదులు చిన్న గ్లాసుతో నీళ్లు పెట్టుకోవడం, ప్రింటరో డస్ట్‌బిన్నో కావాలనే దూరంగా ఉంచడం.

8. బండి: ఈ వరుసలో సరిచేయండి

రోజూ గంట, గంటన్నర బండి మీద గడిపేవాళ్లు ఆఫీసు కుర్చీ గురించి తప్ప బండి గురించి ఆలోచించరు. కుదుపు నేరుగా వెన్నుకి తగిలేది అక్కడే.

8.1 టైర్లలో గాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. బండి మీద అతికించిన స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో ఒక్కరు ఎక్కితే ఎంత, ఇద్దరు ఎక్కితే ఎంత అని వేరువేరుగా ఉంటుంది. బంకులో అబ్బాయి అందరికీ ఒకే అంకె కొట్టేస్తాడు, మీ అంకె మీరు చెప్పండి. గాలి ఎక్కువైతే ప్రతి గుంతా నడుముకి తగులుతుంది, తక్కువైతే మలుపులో బండి తూలుతుంది.

8.2 వెనక షాక్ అబ్జార్బర్. చాలా బైకుల్లో వెనక స్ప్రింగు బిగువు మార్చుకునే మెట్లుంటాయి. ఒక్కరే తిరిగేవాళ్లు మెత్తటి మెట్టులో పెట్టించుకోండి, ఇద్దరూ సామానూ ఉంటే బిగించండి. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు మెకానిక్‌ని అడిగితే ప్రత్యేక స్పానర్‌తో నిమిషాల్లో చేస్తాడు. బండి కొన్నాక ఒక్కసారి కూడా దీన్ని ముట్టుకోని వాళ్లే ఎక్కువ.

8.3 బ్రేక్, క్లచ్ లివర్ల కోణం. సీటు మీద మామూలుగా కూర్చుని, హ్యాండిల్ మీద చేతులుంచి వేళ్లు చాపండి. ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండగా వేళ్లు లివర్ మీద పడాలి. పడకపోతే మణికట్టు ప్రతి బ్రేకుకీ పైకి విరుగుతోంది. లివర్ బిగించిన బోల్టు వదులు చేసి, కోణం తిప్పి మళ్లీ బిగిస్తే సరిపోతుంది, మెకానిక్ చేత చేయించండి. క్లచ్ గట్టిగా ఉంటే కేబుల్‌కి నూనె వేయించండి లేదా మార్పించండి. ట్రాఫిక్‌లో ఎన్నిసార్లు నొక్కుతామో ఆలోచిస్తే ఇది చిన్న విషయం కాదు.

8.4 కూర్చునే తీరు. మోచేతులు కాస్త మడిచి ఉంచండి. చేతులు కర్రల్లా బిగిస్తే హ్యాండిల్ కుదుపు అంతా భుజాలకి పోతుంది. బైక్ మీద స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడు వేగం బాగా తగ్గించి, కాళ్లతో ఫుట్‌రెస్ట్ నొక్కి బరువు కొంచెం సీటు మీద నుంచి తీయండి, మోకాళ్లు కుదుపు మింగేస్తాయి. స్కూటర్‌లో కాళ్లు ముందుకి ఉంటాయి కాబట్టి ఇలా లేవడం కష్టం, వేగం తగ్గించడమే మార్గం.

8.5 బ్యాగు. ల్యాప్‌టాప్, టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా కలిపి వీపున వేలాడితే ఆ బరువు ప్రతి గుంతకీ భుజాలని కిందికి గుంజుతుంది. పట్టీలు కాస్త వదులు చేసి బ్యాగు అడుగు సీటు మీద ఆనేలా చూసుకోండి. నడిచేటప్పుడు మాత్రం తిరిగి బిగించి వీపుకి దగ్గరగా వేసుకోవాలి, రెండు భుజాలకీ. పిల్లల బడి సంచి వాళ్ల బరువులో పదో వంతు దాటకూడదని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతోంది, ఇంట్లో తూకం మీద పెట్టి చూడండి, 25 కిలోల పిల్లాడికి రెండున్నర కిలోలే.

8.6 హెల్మెట్. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అంకె ఉన్నదే కొనండి. పెట్టుకుని తల అడ్డంగా ఊపండి, హెల్మెట్ తలతో పాటు కదలాలి, తల లోపల తిరగకూడదు. బుగ్గలకి కాస్త పట్టినట్టుండాలి. పట్టీ బిగించాక గడ్డం కింద రెండు వేళ్లు దూరాలి. నుదుటి మీద ఒకేచోట నొక్కి నొప్పి పుడితే ఆ ఆకారం మీది కాదు, వేరే కంపెనీది చూడండి, సైజు పెంచితే వదులైపోతుంది. గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే ఉన్నా మార్చేయాలి.

8.7 వెనక కూర్చునేవాళ్లు. వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే శారీ గార్డ్, పట్టుకునే కడ్డీ, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉన్నాయి. అందానికని శారీ గార్డ్ పీకించేసేవాళ్లని చూస్తే భయమేస్తుంది. చున్నీ చక్రంలో చుట్టుకుంటే మెడకి ఉరి పడుతుంది. బండెక్కే ముందు చున్నీ చివరలు ముడేసి ముందుకి వేసుకోండి, పైట కొంగు నడుము చుట్టూ తిప్పి దోపండి. వీలైనంత వరకు రెండు వైపులా కాళ్లు వేసే కూర్చోండి. చీరలో ఒక పక్కకి కూర్చోక తప్పకపోతే పాదాలు ఫుట్‌రెస్ట్ మీద, ఒక చెయ్యి కడ్డీ మీద ఉండాలి, ఒళ్లో పిల్లలూ సంచులూ ఉండకూడదు.

పిల్లలకి: నాలుగేళ్ల లోపు పిల్లల్ని నడిపేవాళ్లకి కట్టే హార్నెస్‌తో కూర్చోబెట్టాలని, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ పెట్టాలని, వేగం గంటకి 40 కి.మీ. దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. స్కూటర్ ముందు నిలబెట్టి తీసుకెళితే సడన్ బ్రేకుకి పిల్లల మొహం నేరుగా హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది.

ఇంకొకటి. స్కూటర్ కాళ్ల దగ్గర గ్యాస్ బండ, నీళ్ల క్యాన్ పెట్టుకుని వెళ్లడం ఊరూరా కనిపిస్తుంది. మోకాళ్లు విప్పి నడపాల్సి వస్తుంది, ఆగినప్పుడు కాలు వేగంగా కింద పెట్టలేరు, బండ జరిగితే హ్యాండిల్ తిరగదు. ఆటో కిరాయి దండగ అనిపించినా సరే, ఈ పని చేయకండి.

9. కారు, బస్సు, విమానం

కారు సీటు సర్దుకోవడానికీ వరుస ఉంది, కింది నుంచి పైకి.

1. పిరుదులు వెనక్కి ఆనించి, క్లచ్ లేదా బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త మడిచి ఉండేలా సీటు జరపండి.
2. భుజాలు సీటుకి ఆని ఉండగా చెయ్యి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడేలా వీపు పలక వాల్చండి.
3. ఛాతీకీ స్టీరింగ్ మధ్యభాగానికీ కనీసం 25 సెం.మీ. దూరం. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి ఆ చోటు కావాలి.
4. హెడ్‌రెస్ట్ పైఅంచు తల పైభాగానికి సమంగా. మెడ దగ్గరే వదిలేస్తే వెనక నుంచి బండి గుద్దినప్పుడు మెడ దాని మీదుగా విరుగుతుంది.
5. సీటు బెల్టు కింది పట్టీ తుంటి ఎముకల మీద, పొట్ట మీద వద్దు. గర్భిణులు పొట్ట కిందుగా వేసుకోవాలి. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకీ బెల్టు తప్పనిసరి.
6. అద్దాలు అన్నిటికంటే చివర.

వెనక జేబులో పర్సు తీసి డ్యాష్‌బోర్డులో పెట్టండి, దాని మీద గంటలు కూర్చుంటే తుంటి ఒక పక్కకి లేచి కాలు లాగుతుంది.

బస్సులో నడుము నొప్పి ఉన్నవాళ్లు ముందు, వెనక చక్రాల మధ్య సీట్లు అడిగి తీసుకోండి. ఆఖరి వరస వెనక చక్రాలు దాటి ఉంటుంది, ఎగిరి పడేది అక్కడే. హైదరాబాద్ నుంచి విశాఖ లాంటి రాత్రి ప్రయాణాల్లో టిఫిన్‌కి ఆపినప్పుడు నిద్ర వస్తున్నా దిగి నాలుగడుగులు వేయండి.

అమెరికా వెళ్లే విమానాల్లో గంటల తరబడి కూర్చుంటే కాలి పిక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. కూర్చునే మడమలు, వేళ్లు మార్చి మార్చి ఎత్తుతుండండి, గంటా రెండు గంటలకోసారి నడవండి, నీళ్లు తాగండి. ఇంతకుముందు గడ్డలు వచ్చినవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు టికెట్ తీసేముందే డాక్టర్‌ని అడగాలి. ఎదిగిన పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకి నడవ పక్క సీటు ముందే బుక్ చేయండి, లేవాలంటే పక్కవాళ్లని ఇబ్బంది పెట్టాలని వాళ్లు లేవకుండా కూర్చుంటారు.

10. వంటిల్లు, బరువులు

వంటగట్టు ఎత్తుకి కొలత: నిలబడి మోచేయి మడిచి, నేల నుంచి మోచేయి దాకా కొలవండి, అందులోంచి 10 నుంచి 15 సెం.మీ. తీసేస్తే కూరగాయలు తరగడానికి సరైన ఎత్తు. ఇల్లు కట్టిస్తుంటే మేస్త్రీ చెప్పిన ఎత్తుకి తలూపకండి, ఎక్కువగా వండే మనిషి కొలత ఇవ్వండి.

ఉన్న గట్టు తక్కువైతే మందమైన కటింగ్ పలక వేయండి. ఎక్కువైతే తరగడం, పిండి కలపడం డైనింగ్ టేబుల్ మీదికి మార్చండి. స్టవ్ మీద పెద్ద గిన్నె పెడితే అంచు ఛాతీ దాకా వస్తుంది, పొట్టివాళ్లకి కాగే నూనె మొహానికి దగ్గరవుతుంది. పులిహోర లాంటివి కలిపేటప్పుడు గిన్నె దించి కింద పెట్టుకుని కలపండి. ఎక్కువసేపు నిలబడాల్సి వస్తే చిన్న పీట మీద ఒక కాలు పెట్టి, కాసేపటికి కాలు మార్చండి, నడుముకి వెంటనే తేడా తెలుస్తుంది.

బరువుల సంగతి. ఇంటి గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, ఖాళీ బండ ఇంకో 15 కిలోలకి పైనే, అంటే నిండు బండ 30 కిలోల దగ్గర. ఎత్తకండి. నిలువుగానే కాస్త వాల్చి అడుగు అంచు మీద తిప్పుకుంటూ జరపండి, లేదా చక్రాల స్టాండు కొనండి.

20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తి డిస్పెన్సర్ మీద బోర్లించేటప్పుడు బరువు ఎత్తుతూ నడుము తిప్పుతాం, నడుము పట్టేయడానికి ఇంతకంటే అనువైన భంగిమ లేదు. ఛార్జింగ్ పంపు కొని క్యాన్ మూతికి తగిలించండి, క్యాన్ నేల మీదో చిన్న స్టూలు మీదో ఉంటుంది, ఎత్తే పనే లేదు.

25 కిలోల బియ్యం బస్తా, విమానానికి తీసుకెళ్లే 23 కిలోల సూట్‌కేసు లాంటివి ఎత్తక తప్పనప్పుడు:

- ముందు కాలితో కాస్త తోసి బరువు అంచనా వేయండి.
- పాదాలు భుజాల వెడల్పున, ఒక పాదం కొంచెం ముందుకి.
- మోకాళ్లు, తుంటి మడిచి దిగండి, నడుము గుండ్రంగా వంచొద్దు.
- బరువుని పొట్టకి హత్తుకోండి. చేతులు చాస్తే అదే బరువు నడుముకి ఎన్నోరెట్లు అవుతుంది.
- లేచాక దిశ మారాలంటే పాదాలు తిప్పండి, నడుము మెలితిప్పొద్దు.
- కారు డిక్కీలోకి రెండు విడతల్లో: ముందు డిక్కీ అంచు మీద ఆనించి, తర్వాత లోపలికి తోయండి.

11. ఎక్కడ నొప్పి, ఏం చూడాలి

ఒక్కసారి ఒక్కటే మార్చి మూడు నాలుగు రోజులు చూడండి. ఒకేరోజు అన్నీ మార్చేస్తే దేనివల్ల తగ్గిందో, దేనివల్ల పెరిగిందో తెలియదు.

- మెడ పక్కలు, భుజాల పైన బిగుతు: టేబుల్ ఎత్తెక్కువ, లేదా చేతి ఆసరాలు ఎత్తెక్కువ.
- మెడ వెనక నొప్పి: తెర కింద ఉంది. ప్రోగ్రెసివ్ అద్దాలుంటే తెర పైన ఉంది.
- ఒక్క కుడి భుజమే నొప్పి: మౌస్ దూరం.
- మణికట్టు: కీబోర్డు కాళ్లు, బండి లివర్ కోణం.
- నడుము కింద: పాదాలు ఆనట్లేదు, సీటు లోతెక్కువ, లేదా అసలు లేవట్లేదు.
- తొడల కింద తిమ్మిరి: సీటు ఎత్తెక్కువ, పీట లేదు.
- సాయంత్రం తలనొప్పి, కళ్ల మంట: వెలుగు, గాలి, కళ్లద్దాల నంబరు.

12. సర్దుబాట్లు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినప్పుడు

రెండు మూడు వారాలు సరిగ్గా పాటించినా నొప్పి తగ్గకపోతే, రాత్రి నిద్రలో లేపేంత నొప్పి ఉంటే, చెయ్యి గానీ కాలు గానీ తిమ్మిరెక్కి అలాగే ఉండిపోతే, నొప్పితో పాటు జ్వరమో కారణం లేకుండా బరువు తగ్గడమో ఉంటే డాక్టర్‌కి చూపించండి. ప్రయాణం తర్వాత ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే అదే రోజు వెళ్లాలి, దానితో ఆయాసం, ఛాతీ నొప్పి కూడా ఉంటే 108కి ఫోన్ చేయండి.

నడుము నొప్పి ఉన్న మనిషికి కాలు పట్టు తప్పినా, మూత్రం, విరేచనం మీద అదుపు పోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా అది నరాల మీద ఒత్తిడి కావచ్చు, మసాజ్, కాపడం జోలికి పోకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, తెల్లారే దాకా ఆగకండి.